లేత్ మీద మొదటి చెక్క గిన్నె ఎలా చేయాలి

చెక్క గిన్నెలు చేయడం నేర్చుకుంటామనేవాళ్లు ముందుగా అడిగేది ఏ లేత్ కొనాలి అని. దాని సంగతి చెప్తాను గానీ, అంతకంటే ముందు ఒక మాట చెప్పాలి. అదొక్కటి బుర్రకెక్కితే మిగతాదంతా మెల్లగా దారిలో పడుతుంది. తిరుగుతున్న చెక్కకి ముందు తగలాల్సింది ఉలి పదును కాదు, పదును వెనకుండే ఏటవాలు ముఖం. దాన్నే బెవెల్ అంటారు. బెవెల్ చెక్క మీద ఆనాక, చేతిలోని పిడిని కొద్దికొద్దిగా కదిపితే పదును దానంతటదే చెక్కలోకి దిగుతుంది. ఇది పట్టుబడనంత కాలం ఎంత మంచి మెషీన్ ఉన్నా భయం పోదు. పట్టుబడితే చిన్న పాత లేత్ మీద కూడా నున్నటి గిన్నె వస్తుంది.

మెషీన్ గురించి

తరిమెన అని పాత మాట ఒకటుంది, ఇప్పుడు అందరూ లేత్ అనే అంటున్నారు కాబట్టి నేనూ అదే అంటాను. ఎడమ పక్కన మోటారుతో తిరిగే తల హెడ్‌స్టాక్, కుడి పక్కన ముందుకీ వెనక్కీ జరిగేది టెయిల్‌స్టాక్, రెండిటినీ మోసేది బెడ్, ఉలిని ఆనించుకునే ఇనుప కమ్మీ టూల్ రెస్ట్. గిన్నెలకి ముఖ్యంగా చూడాల్సింది స్వింగ్, అంటే బెడ్‌కి తగలకుండా ఎంత వ్యాసం చెక్క తిరగగలదు అన్నది. 10 లేదా 12 అంగుళాల స్వింగ్ ఉంటే మొదటి ఏడాదికి బోలెడు. రెండోది, వేగం ఎంత తక్కువకి దిగుతుందో చూడండి. పైకి ఎంత పోతుందన్నది గిన్నెలకి పెద్దగా పనికొచ్చే లెక్క కాదు, నిమిషానికి 300, 400 చుట్ల దాకా దిగితే మాత్రం హాయి. మూడోది బరువు. తేలిక మెషీన్ అయితే స్టాండ్‌కి గట్టిగా బోల్టులు వేసి, అడుగున ఇసుక బస్తాలు పెట్టండి, వణుకు బాగా తగ్గుతుంది.

హెడ్‌స్టాక్ నుంచి బయటికి వచ్చి తిరిగే ఇరుసుని స్పిండిల్ అంటారు, దాని మర సైజు కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి. చెక్కని పట్టి ఉంచే చక్‌ని ఆ మర మీదే బిగిస్తారు, కొనేటప్పుడు అది కలవకపోతే కొన్నదంతా మూలన పడి ఉంటుంది. 1 అంగుళం వ్యాసం మీద అంగుళానికి 8 మరలు, 33 మిల్లీమీటర్ల వ్యాసం (ఎం33) మీద 3.5 మిల్లీమీటర్ల మర, ఇలా మెషీన్‌ని బట్టి మారుతుంది.

ఉలులు మూడు చాలు

పెట్టెలో ఎనిమిది ఉలులు వచ్చే సెట్లు కొత్తవాళ్లని బాగా ఆకర్షిస్తాయి. వాటిలో సగానికి గిన్నెతో సంబంధమే ఉండదు. మీకు కావాల్సింది ఒక బౌల్ గౌజ్ (గాడి ఉన్న ఉలి), ఒక గుండ్రటి ముక్కు స్క్రేపర్ (గీరే ఉలి), ఒక పార్టింగ్ టూల్ (సన్నగా కోసే ఉలి). అంతే. గౌజ్ సైజులో ఒక తిరకాసు ఉంది: అమెరికా లెక్కలో కడ్డీ మొత్తం వ్యాసం చెప్తారు, బ్రిటన్ లెక్కలో లోపలి గాడి కొలత చెప్తారు. కాబట్టి ఒకరి అర అంగుళం గౌజ్, ఇంకొకరి 3/8 అంగుళం గౌజ్ నిజానికి ఒకటే సైజు. 12 మిల్లీమీటర్ల కడ్డీ ఉన్నది తీసుకోండి. హై స్పీడ్ స్టీల్‌దే కావాలి, ఎందుకంటే మామూలు కార్బన్ స్టీల్ గ్రైండర్ మీద వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే దాని గట్టిదనం పోయినట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక, దయచేసి రెండుసార్లు చదవండి. సెట్లో స్పిండిల్ రఫింగ్ గౌజ్ అని వెడల్పాటి పెద్ద ఉలి ఒకటి వస్తుంది. చూడ్డానికి బలంగా, మొరటు చెక్కని ఇట్టే చదును చేసేలా ఉంటుంది. దాన్ని గిన్నె మీద ఎప్పుడూ పెట్టకండి. అది నిలువు నారలున్న కర్రల కోసం చేసింది. పిడిలోకి వెళ్లే దాని తోక భాగం సన్నగా ఉంటుంది, గిన్నె చెక్కలో ఒక్కసారి ఇరుక్కుంటే ఆ తోక దగ్గర విరిగి ఉక్కు ముక్క ఎగిరి వస్తుంది. బౌల్ గౌజ్ అలా కాదు, ఒకే మందపాటి కడ్డీలో గాడి తీసి చేస్తారు.

ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

ముఖం మొత్తం కప్పే, దెబ్బకి తట్టుకునే షీల్డ్ పెట్టుకోండి. కళ్లజోడు ఒక్కటే సరిపోదు, గిన్నె ఊడితే దవడకి కూడా తగలొచ్చు. పొడవు చేతుల చొక్కా, చేతి తొడుగులు, ఉంగరం, మెడలో గొలుసు, చున్నీ లాంటివేవీ వద్దు, జుట్టు పొడవుగా ఉంటే వెనక్కి ముడేసుకోండి. తిరిగే చెక్క గుడ్డని పట్టుకుందంటే దాంతోపాటు చేతిని కూడా లాక్కుంటుంది, వెనక్కి తీసుకునేంత టైమ్ ఇవ్వదు. ధూళికి ఎన్95 లాంటి మాస్క్ తప్పనిసరి. అసలు ముక్కుకి చెరుపు చేసేది పెద్ద పేళ్లు కాదు, ఉప్పు కాగితంతో రుద్దేటప్పుడు లేచే కంటికి కనపడని సన్న పొడి.

లేత్ ఆన్ చేసేటప్పుడు చెక్కకి ఎదురుగా నిలబడకండి, ఒక పక్కకి జరగండి. ఆన్ చేసే ముందు చెక్కని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి, ఎక్కడా తగలకూడదు. వేగం నాబ్ అడుగుకి ఉందో లేదో చూడండి. ఈ మూడూ మొదట్లో గుర్తుపెట్టుకుని చేస్తారు, పది రోజులకి అలవాటైపోతుంది.

చెక్క ఎంచుకోవడం

కొత్తగా కొట్టిన పచ్చి చెక్క మెత్తగా కోతకి వస్తుంది, పేళ్లు రిబ్బన్లలా పొడుగ్గా ఎగురుతాయి, చెయ్యి తిరగడానికి దానికి మించింది లేదు. కానీ ఆరేకొద్దీ వంకర తిరుగుతుంది. బాగా ఆరిన చెక్క ఆకారం నిలబెట్టుకుంటుంది కానీ గట్టిగా ఉంటుంది, పొడి ఎక్కువ. నా సలహా ఏంటంటే మొదటి మూడు నాలుగు ముక్కలు పచ్చి చెక్కతో, గిన్నె దాచుకోవాలన్న ఆశ లేకుండా, కేవలం కోత నేర్చుకోడానికే చేయండి. ఆ తర్వాత ఆరిన ముక్క ఒకటి తీసుకుని మీ మొదటి గిన్నె చేసుకోండి.

మామిడి, వేప లాంటివి మొదలుపెట్టడానికి బావుంటాయి. టేకు అందంగానే ఉంటుంది కానీ అందులో సిలికా ఉండటం వల్ల పదును తొందరగా పోతుంది. రోజ్‌వుడ్ పొడి కొందరికి పడదు, చర్మం మీద దద్దుర్లు వస్తాయి. గన్నేరు జోలికి మాత్రం అసలు పోవద్దు, చెట్టంతా విషమే.

దుంగ దొరికితే దాని పొడవు వ్యాసం కన్నా కొంచెం ఎక్కువ ఉండేలా కోసి, నడిమధ్యలోని దవ్వ గుండా నిలువునా రెండుగా చీల్చండి. దవ్వని పూర్తిగా తీసేయాలి, అది గిన్నెలో ఉండిపోతే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. చీల్చిన చదును ముఖం మీద వృత్తలేఖినితో గుండ్రం గీసి, మూలలు కోసేయండి. బ్యాండ్‌సా ఉంటే సరే, లేకపోతే చేతి రంపంతో ఎనిమిది పలకలుగా కోసినా చాలు, మిగతాది లేత్ చూసుకుంటుంది. మొదటి ముక్క 6 నుంచి 8 అంగుళాల వ్యాసం, రెండున్నర మూడు అంగుళాల మందం ఉంటే చేతికి సరిపోతుంది.

లేత్‌కి ఎక్కించే ముందు చెక్కని వేళ్ల కణుపులతో నాలుగు వైపులా తట్టి వినండి. గట్టి చెక్క ఖంగుమంటుంది. లోపల పగులుంటే బోలు శబ్దం, మొద్దుగా వస్తుంది. అనుమానం ఉన్న ముక్కని పక్కన పెట్టేయండి. జిగురు పోసి తిప్పేద్దాం అన్న ఆలోచన కొత్తవాళ్లకి వద్దు.

నారలు ఎటు పోతున్నాయి

కోత మొదలుపెట్టకముందే ఇది అర్థం కావాలి. కర్ర తిప్పేటప్పుడు నారలు లేత్ పొడవునా ఉంటాయి. గిన్నెలో అలా కాదు, నారలు లేత్‌కి అడ్డంగా ఉంటాయి. అంటే చెక్క ఒక్క చుట్టు తిరిగేలోపు ఉలికి రెండుసార్లు నారల పక్కలు, రెండుసార్లు నారల కొసలు ఎదురవుతాయి. నున్నగా వచ్చేది పక్కల దగ్గర, పీచులు లేచి గరుకుగా కనిపించేది కొసల దగ్గర. గిన్నె పూర్తయ్యాక ఎదురెదురుగా రెండు చోట్లే గరుకు మచ్చలు ఎందుకొచ్చాయా అని చాలామంది తలపట్టుకుంటారు, కారణం ఇదే.

ఒక చీపురు కట్టని ఊహించుకోండి. పుల్లల చివర్లు ఊతం లేకుండా బయటికి పొడుచుకుని ఉంటే కత్తి పెట్టగానే వంగి విరుగుతాయి. అదే వాటి వెనక ఇంకా పుల్లలు ఆనుకుని ఉంటే శుభ్రంగా తెగుతాయి. గిన్నెలోనూ అంతే, తెగే నారకి వెనక ఇంకో నార ఊతం ఉండేలా కోయాలి. అందుకే గిన్నె బయటి వైపు అడుగు నుంచి అంచుకి, అంటే చిన్న వ్యాసం నుంచి పెద్ద వ్యాసానికి కోస్తాం. లోపల దీనికి తిరగేసి, అంచు నుంచి మధ్యకి. ఈ రెండు దిశలు ఒక చీటీ మీద రాసి హెడ్‌స్టాక్ మీద అంటించుకోండి, తప్పేం లేదు.

చెక్కని బిగించడం

దవ్వ వైపు ఉన్న చదును ముఖం రేపు గిన్నె నోరు అవుతుంది, బెరడు వైపు అడుగవుతుంది. స్పిండిల్‌కి తగిలించే, స్క్రూ రంధ్రాలున్న ఇనుప బిళ్లే ఫేస్‌ప్లేట్, దాన్ని ఈ నోటి వైపే బిగించండి. స్క్రూలు పడ్డ చెక్కంతా తర్వాత లోపలి నుంచి తీసేసేదే కాబట్టి గుర్తులు మిగలవు. స్క్రూలు మాత్రం మందపాటి వుడ్ స్క్రూలే వాడండి. నల్లగా ఉండే డ్రైవాల్ స్క్రూలు పెళుసు, వణుకుకి తలలు తెగిపోతాయి. అడుగు వైపు నుంచి టెయిల్‌స్టాక్ తెచ్చి గట్టిగా ఆనించండి, వీలైనంత సేపు దాన్ని అక్కడే ఉంచండి.

వేగానికి ఒక లెక్క ఉంది: వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. 8 అంగుళాల గిన్నెకి 750 నుంచి 1100 అన్నమాట. కానీ ఇది గుండ్రంగా వచ్చాక సంగతి. మొదట్లో చెక్క ఒక పక్కకి బరువుగా ఉంటుంది, అప్పుడు మెషీన్ ఎంత తక్కువకి దిగితే అంతలో మొదలుపెట్టి, వణుకు మొదలయ్యే దాకా మెల్లగా పెంచి, అక్కడి నుంచి ఒక మెట్టు తగ్గించండి.

ఇప్పుడు కోత

టూల్ రెస్ట్‌ని చెక్కకి పావు అంగుళం దూరంలో పెట్టండి. ఉలి పదును చెక్క కేంద్రం ఎత్తులో ఆడేలా రెస్ట్ ఎత్తు సరిచేయండి. రెస్ట్ జరపాలంటే లేత్ ఆపాల్సిందే, తిరుగుతుండగా ఎప్పుడూ జరపకండి. జరిపిన ప్రతిసారీ మళ్లీ చేత్తో ఒక చుట్టు.

ఇక అసలు మెషీన్ ఆన్ చేయకుండానే ఒక పని చేయండి. గౌజ్‌ని రెస్ట్ మీద ఆనించి, బెవెల్‌ని చెక్క మీద పెట్టి, ఎడమ చేత్తో చెక్కని మెల్లగా మీ వైపు తిప్పండి. ఏమీ తెగదు, బెవెల్ ఊరికే రుద్దుకుంటుంది. ఇప్పుడు కుడి చేతిలోని పిడిని వెంట్రుకవాసి పైకి ఎత్తండి. ఒకచోట సన్నటి పేడు ఉలి గాడిలోకి చుట్టుకుంటూ లేస్తుంది. కళ్లతో చూస్తూ, చేత్తో తిప్పుతూ, పది నిమిషాలు ఇదే చేయండి. పదును దిగే ఆ క్షణం చేతికి తెలిసిపోతుంది, మెషీన్ తిరుగుతున్నప్పుడు మీరు వెతుక్కునేది కూడా ఆ స్పర్శనే.

ఆన్ చేశాక కూడా క్రమం అదే: ముందు ఉలి రెస్ట్ మీద ఆనాలి, తర్వాత బెవెల్ చెక్క మీద, ఆఖరికి పదును. గాడి ఎటు చూడాలన్నది కొత్తవాళ్లని బాగా తికమక పెడుతుంది, దానికి ఒక గుర్తు చెప్తాను: మీరు ఏ వైపు కోసుకుంటూ పోతున్నారో గాడి ఆ వైపుకి వాలి ఉండాలి. నిట్టనిలువుగా ఆకాశం వైపు చూస్తూ ఉంటే మాత్రం ప్రమాదం, గాడికి వెనకవైపున్న అంచు (రెక్క) చెక్కకి తగిలి ఠక్కున పట్టేస్తుంది. దీన్నే క్యాచ్ అంటారు. ఒక్క క్షణంలో అయిపోతుంది, చెయ్యి అదిరిపోతుంది, గిన్నె మీద లోతైన గంటు పడుతుంది. క్యాచ్ పడిందంటే అదృష్టం బాగోలేదని కాదు, కారణం ఎప్పుడూ ఒక్కటే. పదునులో ఏదో ఒక భాగం, వెనక బెవెల్ ఊతం లేకుండా, రెస్ట్ మీద ఆని ఉన్న చోటుకి దూరంగా చెక్కకి తగిలింది. అలా జరిగినప్పుడు వెంటనే మళ్లీ మొదలుపెట్టకండి. లేత్ ఆపి, ఉలిని ఆ గంటులోనే అదే కోణంలో పెట్టి చూడండి, ఏ భాగం తగిలిందో స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత ఫేస్‌ప్లేట్ స్క్రూలు వదులయ్యాయేమో కూడా చూసుకుని అప్పుడు ఆన్ చేయండి.

పిడిని చేతులతో తోయకండి. పిడి చివర తుంటికి ఆనించుకుని, కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, ఒంటి బరువుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటూ కోయండి, గిన్నె ఒంపు నున్నగా రావడానికి సగం కారణం అదే. ఎడమ చెయ్యి రెస్ట్ దగ్గర ఉలిని ఊరికే దారి చూపించడానికి పట్టుకోవాలి, పిసికి పట్టుకుంటే పది నిమిషాల్లో మణికట్టు నొప్పి మొదలవుతుంది.

మొదట చెక్క ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి టక్‌టక్‌మని ఆగి ఆగి తగులుతుంది, కంగారు పడకండి, పల్చగా కొంచెం కొంచెం తీయండి. గుండ్రంగా వచ్చేసరికి ఆ చప్పుడు పోయి ఒకే రకమైన సరసర శబ్దం వస్తుంది. నేను కళ్ల కన్నా చెవులనే ఎక్కువ నమ్ముతాను. పదునున్న ఉలి సరసరమంటూ పేళ్లు విసురుతుంది, పదును పోయినది గీరుతున్నట్టు గొణుగుతుంది, పేళ్ల బదులు పొడి రాలుతుంది.

టెనన్: ఇక్కడ తొందరపడకండి

బయటి ఒంపు ఒక దారికి వచ్చాక, అడుగున చక్ పట్టుకోడానికి గుండ్రటి మొలక లాంటిది ఒకటి చెక్కాలి. దీన్ని టెనన్ అంటారు. చక్‌లో పట్టుకునే దవడల్ని జాస్ అంటారు, సాధారణంగా వచ్చే 50 మిల్లీమీటర్ల జాస్‌కి 50 నుంచి 55 మిల్లీమీటర్ల వ్యాసం, 6 నుంచి 8 మిల్లీమీటర్ల పొడవు చాలు. జాస్ దాదాపు మూసుకుని పూర్తి వృత్తంలా ఉన్నప్పుడే పట్టు గట్టిగా ఉంటుంది. టెనన్ పక్కలు, జాస్ ఏటవాలుకి సరిపోయేలా, మొదట్లో కాస్త సన్నగా కొసలో కాస్త వెడల్పుగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, టెనన్ చుట్టూ ఉండే భుజం చదునుగా ఉండి జాస్ పై అంచు మీద పూర్తిగా కూర్చోవాలి. టెనన్ కొస మాత్రం చక్ అడుగుకి తగలకూడదు.

ఇది నా సొంత అనుభవం. నేను నేర్చుకునే రోజుల్లో పొడుగ్గా ఉంటే గట్టిగా పట్టుకుంటుంది కదా అని టెనన్ ఒక అంగుళం దాకా వదిలాను. బిగించినప్పుడు బాగానే అనిపించింది. కొస అడుగుకి తగిలి భుజం గాల్లో ఉందని నాకు తెలీదు. లోపల తొలవడం మొదలుపెట్టిన కాసేపటికే చిన్న క్యాచ్ పడింది, గిన్నె జాస్‌లోంచి జారి ముఖం మీదకే వచ్చింది. షీల్డ్ మీద ఒక అడ్డగీత పడింది, నాకేం కాలేదు. ఆ షీల్డ్ ఇంకా గోడకి వేలాడుతోంది. అప్పటి నుంచి బిగించాక భుజానికీ జాస్‌కీ మధ్య వెలుతురు కనిపిస్తుందా అని టార్చి వేసి చూడటం మానలేదు. మీరూ చూడండి. ఏ వైపైనా సందు కనిపిస్తే విప్పి, సరిచేసి, మళ్లీ బిగించండి.

టెనన్ మధ్యలో టెయిల్‌స్టాక్ మొన పెట్టిన గుంట ఉంటుంది, దాన్ని చెరపకండి, చివర్లో పనికొస్తుంది.

లోపల తొలవడం

ఫేస్‌ప్లేట్ తీసేసి, గిన్నెని తిప్పి, టెనన్‌ని చక్‌లో బిగించాక ముందు లోతు సంగతి తేల్చుకోండి. టెయిల్‌స్టాక్‌లో డ్రిల్ చక్ ఉంటే మధ్యలో ఒక రంధ్రం వేసి, అడుగున కనీసం 12 మిల్లీమీటర్లు మిగిలేలా ఆపండి. ఆ రంధ్రం అడుగు కనిపించిందంటే మీరు ఆపాల్సిన చోటు వచ్చేసిందన్నమాట. టెనన్ పొడవుని లెక్కలోంచి తీసేయడం మర్చిపోయి అడుగు చిల్లు పెట్టేస్తుంటారు చాలామంది, అది గిన్నెలో భాగం కాదు, ఆఖర్లో తీసేసేది. కాబట్టి భుజం నుంచి లెక్కపెట్టండి.

అంచు దగ్గర ఉలి లోపలికి దిగే మొదటి అర అంగుళమే కష్టం. అక్కడ బెవెల్‌కి ఆనడానికి ఇంకా గోడ లేదు, కాబట్టి ఉలి జారి అంచు మీద గీత పెట్టేస్తుంది. దానికి విరుగుడు, గాడిని పూర్తిగా పక్కకి, మధ్య వైపు చూసేలా తిప్పి, చాలా మెల్లగా ఒక చిన్న మెట్టు కోయండి. ఆ మెట్టు ఏర్పడగానే బెవెల్ దాని మీద ఆనుతుంది, అప్పుడు గాడిని కొద్దిగా పైకి తిప్పి మామూలుగా కోసుకుంటూ పోండి.

ముందు మధ్యలో గుంత తీసి, దాన్ని వెడల్పు చేసుకుంటూ అంచు వైపు రండి, కానీ ప్రతి కోతా మధ్య వైపుకే సాగాలి. గోడ మందం సరిచేసే దశకి వచ్చాక మాత్రం పై నుంచి కిందికి అంగుళం అంగుళం పూర్తి చేయండి. పైన ఒక అంగుళం గోడని కావాల్సిన మందానికి తెచ్చి నున్నగా చేసి, అప్పుడు దాని కింది అంగుళం. కింద చెక్క ఇంకా నిండుగా ఉన్నంతసేపు పైగోడ కదలకుండా నిలబడుతుంది. అంతా పల్చగా చేసేశాక మళ్లీ అంచు దగ్గరకి వెళ్లి సరిచేద్దామనుకుంటే గోడ వణుకుతుంది, ఒక్కోసారి పగిలిపోతుంది కూడా.

మొదటి గిన్నెకి 8 నుంచి 10 మిల్లీమీటర్ల గోడ చాలు. కాగితంలా పల్చగా చేయాలన్న కోరిక ఇప్పుడే వద్దు. లేత్ ఆపి, బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి అంచు నుంచి అడుగుకి జార్చండి. ఎక్కడ లావుగా ఉందో వేళ్లు చెప్పేస్తాయి, కాలిపర్‌తో తర్వాత ఖాయం చేసుకోండి.

గోడ నుంచి అడుగుకి తిరిగే మలుపు దగ్గర బెవెల్ ఊతం తప్పిపోతూ ఉంటుంది, అక్కడ గట్లు పడతాయి. బెవెల్ వెనక అంచుని గ్రైండర్ మీద కొంచెం అరగదీస్తే ఉలి ఆ మలుపులో సులువుగా తిరుగుతుంది. అడుగు మధ్యకి చేరేకొద్దీ చెక్క వేగం తగ్గుతూ కేంద్రంలో సున్నా అవుతుంది, కాబట్టి మీ చెయ్యి కూడా నెమ్మదించాలి, లేకపోతే మధ్యలో బొడిపె మిగులుతుంది. దాన్ని స్క్రేపర్‌తో తీసేయొచ్చు: పిడి కాస్త ఎత్తి, పదును కిందికి వాలేలా పట్టుకుని, తేలికగా. స్క్రేపర్ అడుగు భాగానికే, పల్చటి గోడ పై అంచు దగ్గర దాన్ని పెట్టకండి.

పదును

దీన్ని మొదట్లోనే చెప్పొచ్చు కానీ, కోత ఎలా ఉంటుందో తెలిశాక చదివితేనే ఎక్కుతుంది. ఒక్క గిన్నెకి నేను నాలుగైదు సార్లు గ్రైండర్ దగ్గరకి వెళ్తాను, ఆఖరి కోతకి ముందు తప్పకుండా. చేత్తో ఊహించి పదును పెట్టడం కొత్తవాళ్లకి వద్దు, కోణాన్ని పట్టి ఉంచే జిగ్ వాడండి. బౌల్ గౌజ్‌కి 55 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే అన్ని పనులకీ సర్దుకుంటుంది. బెవెల్ మీద మార్కర్‌తో రంగు పూసి, రాయిని ఆన్ చేయకుండా చేత్తో తిప్పి చూడండి, రంగు మొత్తం సమంగా పోతే కోణం సరిగ్గా కుదిరినట్టు. ఆ తర్వాత గట్టిగా నొక్కక్కర్లేదు, తేలిగ్గా రెండు మూడు సార్లు అటూ ఇటూ తిప్పితే చాలు. పదును అంచుని వెలుతురులో పెట్టి చూడండి. మొద్దుబారిన చోట సన్నటి తెల్లగీత మెరుస్తుంది. పదునున్న అంచు కనిపించదు.

నారల కొసల దగ్గర పీచులు లేచిన మచ్చలుంటే కొత్తగా పదును పెట్టిన ఉలితో, పల్చటి కోత ఒకటి వేయండి. ఇంకా ఉంటే అక్కడ కాస్త నూనె రాసి నారని మెత్తబరిచి మళ్లీ కోయండి. ఉలితో పోనిదాన్ని ఉప్పు కాగితంతో పోగొట్టాలని చూస్తే గంట గడిచిపోతుంది, మెత్తటి భాగం అరిగి గిన్నె గుండ్రం పోతుంది.

పచ్చి చెక్క అయితే

పచ్చి చెక్కతో దాచుకునే గిన్నె చేయాలంటే రెండు విడతల్లో చేయాలి. మొదటి విడతలో గోడ మందం వ్యాసంలో పదో వంతు వదిలేయండి, 8 అంగుళాల గిన్నెకి సుమారు 20 మిల్లీమీటర్లు. చెక్క అన్ని వైపులా సమానంగా కుంచించుకోదు, నారల పొడవునా దాదాపు కుంచించుకోదు, నారలకి అడ్డంగా బాగా కుంచించుకుంటుంది, అందుకే గుండ్రటి గిన్నె ఆరాక కోడిగుడ్డులా అవుతుంది. ఆ మందం ఉంటేనే మళ్లీ గుండ్రంగా తిప్పడానికి చెక్క మిగులుతుంది. టెనన్ కూడా అలాగే వంకర పోతుంది కాబట్టి దాన్ని కాస్త పెద్దగా వదలండి.

నారల కొసలున్న చోట్ల మైనం రాసి, కాగితం సంచిలో పెట్టి, గాలి నేరుగా తగలని చోట ఉంచండి. గిన్నె మీదే పెన్సిల్‌తో తేదీ, బరువు రాయండి. నెలకోసారి తూచి కింద రాస్తూ పోండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆరినట్టే. దీనికి నెలలు పడుతుంది, తొందరపెడితే పగులుతుంది. ఈలోపు ఇంకో నాలుగు గిన్నెలు మొదటి విడత చేసి పెట్టుకోండి.

నునుపు, నూనె, అడుగు

శాండ్‌పేపర్ పట్టే ముందు టూల్ రెస్ట్ పూర్తిగా తీసేయండి, వేగం సగానికి తగ్గించండి. 120 నంబర్ గరుకు కాగితంతో మొదలుపెట్టి 180, 240, 320 వరుసగా, మధ్యలో ఏదీ దాటేయకుండా. ఒక్కో నంబర్‌కీ ముందు నంబర్ గీతలు పూర్తిగా పోయాయో లేదో లేత్ ఆపి చూడండి. కాగితం వేళ్లకి వేడిగా తగిలిందంటే మీరు ఎక్కువ నొక్కుతున్నారు, ఆ వేడికి సన్న పగుళ్లు వస్తాయి.

ఆఖర్లో టెనన్ తీయాలి. చక్‌లో ఒక పనికిరాని చెక్కని గుండ్రంగా తిప్పి, దాని మీద మెత్తటి గుడ్డో రబ్బరో వేసి, గిన్నెని బోర్లించి, ఇందాక చెరపొద్దన్న గుంటలో టెయిల్‌స్టాక్ మొన పెట్టి నొక్కండి. గిన్నె నడిమధ్యకి కూర్చుంటుంది. టెనన్‌ని పల్చగా కోసుకుంటూ, అడుగు కొంచెం లోపలికి గుంటలా ఉండేలా చేయండి, అప్పుడే బల్ల మీద ఊగకుండా కూర్చుంటుంది. మధ్యలో వేలంత మొలక మిగులుతుంది, దాన్ని లేత్ ఆపి చేతి ఉలితో కోసి, కాగితంతో రుద్దేయండి.

పూతకి మినరల్ ఆయిల్, తేనెమైనం కలిపినది సులువు, తినే వస్తువులు పెట్టుకునే గిన్నెకి కూడా ఇబ్బంది ఉండదు. వాల్‌నట్ ఆయిల్ అయితే ఆరి గట్టిపడుతుంది, కానీ నట్స్ పడనివాళ్లకి ఇచ్చే గిన్నెకి వద్దు. తిరుగుతున్న గిన్నెకి నూనె రాయాలంటే గుడ్డ వాడకండి, కాగితపు టవల్ వాడండి, పట్టుకున్నా అది చిరిగిపోతుంది గానీ వేలిని లాగదు. అవిసెగింజల నూనె లాంటి ఆరే నూనెలు వాడితే ఆ తడి గుడ్డల్నీ కాగితాల్నీ ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టి పారేయండి.

నూనె పూశాక పావుగంట ఆగి, పీల్చుకోనిదాన్ని తుడిచేసి, మర్నాడు ఇంకో పూత వేయండి. వాడేటప్పుడు గిన్నెని నీళ్లలో నానబెట్టకుండా కడిగి, వెంటనే తుడిచి బోర్లించండి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. ఎప్పుడైనా లోపలి భాగం పాలిపోయి పొడిపొడిగా కనిపిస్తే మళ్లీ కాస్త నూనె రాసి ఒక రాత్రి వదిలేయండి, రంగు తిరిగొస్తుంది.